మూర్తిమత్వం - మూడు దృక్పథాలు

విద్యాసంవత్సరం ముగిసి విద్యార్థులు టి.సి.ల కోసం కార్యాలయం కిటికీ ముందు బారులు తీరే రోజులలో అధ్యాపకుల చేతికి ఒక చిన్న కాగితం వస్తూ ఉంటుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, చదివిన తరగతి మొదలైన వివరాల దిగువన అందులో 'నడవడి' అనే గడి ఒకటి ఉంటుంది. అది రెండంగుళాలకు మించదు. మూడేండ్లపాటు మా ఎదుట కూర్చున్న మనిషిని గూర్చి ఆ గడిలో 'సంతృప్తికరం' అనో 'ఉత్తమం' అనో వ్రాసి సంతకం చేస్తాము. వ్రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ కాగితం మాత్రం అతని వెంట ఉద్యోగ ద్వారాల దాకా పోతుంది.

ఒక మనిషిని గూర్చి ఇంత క్లుప్తంగా చెప్పడం సాధ్యమేనా అనే సందేహాన్ని మాకు కలిగించినవాడు ఒక విద్యార్థి. అతని సంగతి తరువాత చెబుతాము. మేము బోధించేది తెలుగు; మనస్తత్వశాస్త్రం మేము పరీక్షకు చదివిన విషయం కాదు. ఆ సందేహమే మమ్మల్ని మూర్తిమత్వ సిద్ధాంతాలను చర్చించే గ్రంథాల వద్దకు నడిపించింది. అక్కడ తెలుసుకొన్నదానికి మా అభిప్రాయాలను కూడ చేర్చి, విద్యార్థులకు సుబోధకమయ్యే రీతిలో ఇక్కడ వివరింపదలచినాము.

వాడుకలో మనం 'వ్యక్తిత్వం' అనేదానిని తెలుగు పాఠ్యగ్రంథాలు 'మూర్తిమత్వం' అన్నవి. మూర్తి అనగా రూపం. ఉర్దూలో 'షఖ్సియత్' అంటారు. 'షఖ్స్' అనగా మనిషి. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ 'పెర్సోనా' నటుడు ముఖానికి తొడుక్కొనే ముసుగు. మూడు భాషలు మూడు చోట్ల వ్రేలు పెట్టి చూపినవి. మాటలోనే ఇంత భేదం ఉండగా నిర్వచనంలో ఏకాభిప్రాయం ఎట్లా కుదురుతుంది? అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడైన గోర్డన్ ఆల్‌పోర్ట్ 1937లో ప్రచురించిన గ్రంథంలో పూర్వులు చేసిన 49 నిర్వచనాలను సమీక్షించి, తనది 50వదిగా చేర్చాడు. శరీరం, మనస్సు కలిసి ఏర్పడిన ఒక కదిలే అమరిక మనిషిలో ఉంటుందనీ, దానివల్లనే అతడు లోకంతో తనదైన రీతిలో సర్దుకొంటాడనీ ఆయన నిర్వచన సారాంశం. 'తనదైన' అనే మాట మీద ఆల్‌పోర్ట్ జీవితమంతా పట్టు విడువలేదు.

ఆల్‌పోర్ట్ 22 ఏండ్ల యువకుడుగా ఉండగా, 1920లో, వియన్నాలో ఫ్రాయిడ్ మహాశయుని దర్శించాడు. పెద్దాయన మాట్లాడక కూర్చున్నాడట. నిశ్శబ్దం భరింపలేక ఆల్‌పోర్ట్ తాను వచ్చిన ట్రాంబండిలో చూసిన సంఘటన ఒకటి చెప్పాడు. నాలుగేండ్ల పిల్లవాడు ప్రతిదీ మురికిగా ఉన్నదని అసహ్యించుకొంటున్నాడు. పక్కనే తల్లి గంజి పెట్టిన బట్టలలో మహా శుభ్రంగా, దర్జాగా కూర్చుని ఉన్నది. కారణం కంటికి కనబడుతూనే ఉన్నది. కాని ఫ్రాయిడ్ దయగా చూసి, ఆ పిల్లవాడు నువ్వేనా అని అడిగాడు. యువకుడు నిర్విణ్ణుడైపోయాడు. మనస్సు లోతులలోనికి దూకేముందు పైకి కనిపించే ఉద్దేశాలను చూడడం మేలని తాను ఆ దినం నేర్చుకొన్నట్లు ఆయన తరువాత వ్రాసుకొన్నాడు.

పైకి కనిపించేవానిని పట్టుకొనడమే లక్షణాంశ సిద్ధాంతం. మనుషుల మధ్య ముఖ్యమైన భేదాలన్నిటికీ భాష ఏనాడో పేర్లు పెట్టి ఉంటుందనేది దీనికి పునాది. కావున ఆల్‌పోర్ట్, ఆయన సహచరుడు ఆడ్‌బర్ట్ 1936లో ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువును ముందు పెట్టుకొని మనిషిని మరొక మనిషి నుండి వేరు చేసి చెప్పే మాటలన్నిటినీ ఏరినారు. 17,953 మాటలు తేలినవి. వానిలో తాత్కాలికమైన మనఃస్థితులనూ, ఉత్త మెచ్చుకోలు, తిట్టు మాటలనూ వేరు చేయగా స్థిరమైన స్వభావాన్ని తెలిపేవి 4,504 మిగిలినవి.

భాషోపాధ్యాయులమైన మాకు ఈ పని ఎంతో ముచ్చట గొలిపింది. తెలుగులో ఇట్లా ఏరబూనితే ఎన్ని దొరకవు! ముక్కోపి, పిసినారి, మొండిఘటం, నంగనాచి, వాగుడుకాయ, ముభావి, గడుసరి. మన ఇండ్లలో వినబడే జిద్దీ, కంజూస్ వంటివి వేరే. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అన్న సామెత లక్షణాంశ సిద్ధాంతానికి మన ఊరి రూపమే.

లక్షణాంశాలన్నీ ఒకే బలం కలవి కావు. ఒక్కొక్కనిలో ఒకే ఒక లక్షణం జీవితాన్నంతా ఆక్రమిస్తుంది, ఇట్టివారు అరుదు. ఎవరినైనా ఎరిగినవారు సిఫారసు ఉత్తరంలో వ్రాయగల ఐదో పదో లక్షణాలు కేంద్రీయమైనవి. ఇష్టమైన తిండి, తొడిగే బట్ట వంటివి గౌణమైనవి. ఆల్‌పోర్ట్ తరువాత ఇంగ్లండులో పుట్టి అమెరికాకు వెళ్ళిన రేమండ్ కాటెల్ ఆ మాటల మూటను తీసుకొని, ఒకే అర్థం గలవానిని కలిపి 171కి తగ్గించి, కారక విశ్లేషణ అనే గణిత పద్ధతితో చివరకు 16 మూల లక్షణాంశాలకు తెచ్చాడు. ఆయన ప్రశ్నావళి 1949లో వెలువడింది. నాజీల పాలన వచ్చిన తరువాత జర్మనీ విడిచి లండన్ చేరిన ఐసెంక్ 16 కూడ ఎక్కువే అన్నాడు. యుద్ధకాలంలో ఆసుపత్రికి వచ్చిన సుమారు 700 మంది సైనికుల వివరాలను పరిశీలించి అంతర్ముఖత-బహిర్ముఖత ఒక కొలతగా, ఉద్వేగాల నిలకడ మరొక కొలతగా 1947లో ప్రతిపాదించాడు. మూడవదానిని తరువాత చేర్చాడు. నేడు పరిశోధకులలో అధికులు అంగీకరించేవి ఐదు: నూతనానుభవాల పట్ల సుముఖత, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సౌమనస్యం, ఉద్వేగాల అస్థిరత. 1981లో గోల్డ్‌బర్గ్ వీనికి 'బిగ్ ఫైవ్' అని పేరు పెట్టాడు.

ఈ ఐదింటిని తేలికగా కొట్టివేయరాదు. కర్తవ్యనిష్ఠ అధికంగా గలవారికి చదువులోను ఉద్యోగంలోను ఫలితాలు మెరుగుగా ఉంటున్నవని అనేక పరిశోధనలలో తేలింది. కవలలపై జరిగిన పరిశీలనలను బట్టి మనుషుల మధ్య గల ఈ భేదాలలో రమారమి సగం జన్యు సంబంధమైనవని చెబుతారు. సామెత సగం నిజమన్నమాట. మిగిలిన సగాన్ని మరువరాదు. అదిగాక వయస్సు పెరిగినకొద్దీ సాధారణంగా కర్తవ్యనిష్ఠ, సౌమనస్యం పెరుగుతున్నట్లు కూడ గమనించారు. పుడకల దాకా ఆగనక్కరలేదు.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ మరొకటి ఉన్నది. హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు అమెరికాలో వేలాది బడిపిల్లలకు పరీక్షలలోను, ఆటలలోను, ఇంటివద్ద చేసే పనులలోను మోసం చేసే అవకాశం కల్పించి, ఎవరు చేస్తారో గుట్టుగా గమనించి 1928లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షలో చూచి వ్రాసినవాడు ఆటలో నిజాయితీగా ఉన్నాడు. ఆటలో అబద్ధమాడినవాడు మరొకచోట ఆడలేదు. 'నిజాయితీపరుడు' అనే ముద్ర ఎవరికీ పూర్తిగా అతకలేదు. 1968లో వాల్టర్ మిషెల్ ఇట్టి పరిశోధనలన్నిటినీ సమీక్షించి, లక్షణాంశ పరీక్షలో వచ్చిన అంకెకూ ఒక సందర్భంలో మనిషి నిజంగా చేసేదానికీ మధ్య సహసంబంధం సుమారు 0.30 మాత్రమేనని చూపాడు. దీనిపై ఏండ్ల తరబడి వాదోపవాదాలు జరిగినవి. ఒక్క సందర్భాన్ని గాక అనేక దినాల ప్రవర్తనను కూడి సగటు తీస్తే స్థిరత్వం కనబడుతుందని 1979లో ఎప్‌స్టైన్ సమాధానం చెప్పాడు. అంటే లక్షణాంశం ఉన్నది. కాని ఒక్కసారి చూసి చెప్పదగినది కాదు.

ఇక మా విద్యార్థి సంగతి. డిగ్రీ మొదటి సంవత్సరంలో అతడు చివరి బల్ల మీద కూర్చునేవాడు. ప్రశ్న అడిగితే తల వంచుకొనేవాడు. రెండు మూడు నెలలకే మేము తీర్పు చెప్పివేసినాము: ముభావి, ఆసక్తి లేనివాడు. అధ్యాపకుల గదిలో అతని ప్రసక్తి వచ్చినప్పుడు 'అతనంతే' అన్నది మేమే. ఒకనాడు బస్సులో మా వెనుక సీటులో ఎవరో నలుగురి నడుమ కడుపుబ్బ నవ్విస్తూ అనర్గళంగా కథ చెబుతున్నారు. తిరిగి చూస్తే అతడే. కథ ఉర్దూలో సాగుతున్నది. పదవ తరగతి వరకు అతడు ఉర్దూ మాధ్యమంలో చదివినాడన్న సంగతి దరఖాస్తులో ఉన్నది; మేము చూడలేదు. మేము అతని స్వభావమని వ్రాసుకొన్నది మా తరగతి గది స్వభావం.

ఇట్టి పొరపాటు నుండి కాపాడేది మానవతావాద దృక్పథమని మాకు తోచింది. ఆ కాలాన మనస్తత్వశాస్త్రాన్ని రెండు సంప్రదాయాలు ఏలుతున్నవి. మనిషిని బాల్యం, అచేతనం నడుపుతున్నవని మనోవిశ్లేషకులు. బహుమానం, శిక్ష నడుపుతున్నవని ప్రవర్తనావాదులు. ఈ రెంటికీ భిన్నమైన 'మూడవ శక్తి' అని తమ మార్గాన్ని పిలుచుకొన్నవాడు ఏబ్రహాం మాస్లో. రష్యా నుండి వలస వచ్చిన యూదు తల్లిదండ్రులకు 1908లో బ్రూక్లిన్‌లో జన్మించాడు. 1943లో ఆయన వ్రాసిన వ్యాసం విద్యాశాస్త్ర విద్యార్థులకు సుపరిచితమే: మొదట ఆకలిదప్పులు, పిదప భద్రత, ఆపైన ప్రేమ, ఆదరణ, ఆత్మగౌరవం, చివరకు తానేమి కాగలడో అది కావడం. దీనినే ఆత్మసాక్షాత్కారం అంటున్నారు. మన వేదాంతులు, సూఫీలు ఆ మాటకు ఇచ్చే అర్థం వేరని విద్యార్థులు గుర్తుంచుకోవలె. ఇక్కడ గాయకుడు పాడగలగడం, వడ్రంగి మంచి బీరువా చేయగలగడం కూడ ఆత్మసాక్షాత్కారమే. పుస్తకాలలో కనబడే త్రికోణాన్ని మాస్లో గీయలేదు. దానిని తరువాతివారు గీసినారు. మెట్టు పూర్తిగా ఎక్కితేనే పై మెట్టు వస్తుందని కూడ ఆయన అనలేదు.

మాస్లోపై మాకు ఫిర్యాదు ఒకటి ఉన్నది. ఆత్మసాక్షాత్కారం పొందినవారికి ఉదాహరణలుగా లింకన్, ఐన్‌స్టైన్, ఎలినార్ రూజ్‌వెల్ట్ ప్రభృతులను తానే ఎంచుకొని, వారిలో కనిపించిన గుణాలనే ఆ స్థితికి లక్షణాలన్నాడు. తమకు నచ్చిన మామిడిపండ్లను ఏరి మామిడిపండ్లన్నీ తియ్యనివనడం వంటిది ఇది.

కార్ల్ రోజర్స్ మార్గం ఇంతకంటె వినయమైనది. వేలాది గంటలు రోగుల ఎదుట కూర్చుని విన్నవాడాయన. 'రోగి' అనే మాటనే ఆయన ఇష్టపడలేదు. బాల్యంలో తమ ఇంటి నేలమాళిగలో చలికాలానికి దాచిన బంగాళాదుంపలను గూర్చి ఆయన 1980లో వ్రాసిన పుస్తకంలో చెప్పాడు. మట్టి లేదు, నీరు లేదు. ఎక్కడో పైన చిన్న కిటికీ. అయినా ఆ దుంపలు పాలిపోయిన తెల్లని మొలకలు వేసి, రెండు మూడు అడుగుల పొడవున ఆ వెలుతురు వైపు సాగేవట. అవి మొక్కలు కావు, కాయవు. అయినా సాగడం మానవు. ఆసుపత్రుల వెనుక గదులలో తాను చూసిన వికృత జీవితాలు కూడ ఇట్టి మొలకలేనని రోజర్స్ అభిప్రాయం.

మొలక పాలిపోవడానికి ఆయన చెప్పిన కారణం విద్యార్థుల తల్లిదండ్రులు వినదగినది. పిల్లవానికి ప్రేమ కావాలి. 'మొదటి శ్రేణి వస్తేనే నువ్వు మా బిడ్డవు' అన్నట్లు ప్రేమకు షరతులు పెడితే, ఆ షరతులకు సరిపోని తన భాగాలను వాడు తననుండే దాచుకొంటాడు. తానుగా ఉన్నదానికీ, తాను కావలసినదని నమ్మినదానికీ నడుమ అగాధం ఏర్పడుతుంది. దానిని పూడ్చడానికి ఎదుటివాని నుండి మూడు కావాలని 1957లో ఆయన వాదించాడు: కపటం లేకపోవడం, షరతులు లేని ఆదరం, అతని కన్నులతో అతని లోకాన్ని చూడగల సహానుభూతి. ఆదరమంటే తప్పును మెచ్చుకోవడం కాదు. పరీక్షలో చూచి వ్రాసిన విద్యార్థిని దండించవచ్చును, అతనిని మనిషిగా త్రోసిపుచ్చకుండా.

అయితే మనిషిలో ఉన్నదంతా వెలుతురు వైపే సాగుతుందా? రోజర్స్ మిత్రుడైన రోలో మే దీనిని ఒప్పుకోలేదు. మేలు ఎంత మనదో కీడు కూడ అంత మనదేనని 1982లో ఆయనకు బహిరంగ లేఖయే వ్రాశాడు. మే యువకుడుగా ఉన్నప్పుడు క్షయ సోకి శానిటోరియంలో నెలల తరబడి చావు బతుకుల మధ్య గడిపాడు. ఆ రోజులలో డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్‌ను చదివి, ఆందోళన స్వేచ్ఛకు నీడ వంటిదని గ్రహించాడు. ఎంచుకోవలసినవానికే ఆందోళన. పరీక్షకు ముందు గుండె దడ రోగం కాదు. దానినుండి పారిపోవడానికి మనిషి తన జీవితాన్నే కుదించుకొంటే అది రోగం. యూరపు ఖండపు అస్తిత్వవాద చికిత్సకుల రచనలను అమెరికాకు పరిచయం చేసిన 1958 నాటి గ్రంథానికి సంపాదకులలో మే ప్రముఖుడు.

అస్తిత్వవాదుల ప్రశ్న వేరు. నీవు ఎట్టివాడవు అని లక్షణాంశవాది, నీవు ఏమి కాగలవు అని మానవతావాది అడుగుతారు. నీకు లభించిన ఈ పరిస్థితితో, ఈ స్వభావంతో, చావు తప్పదని తెలిసి ఏమి చేస్తున్నావు అని వీరు అడుగుతారు. ఈ ప్రశ్నను పుస్తకంలో గాక బతుకులో ఎదుర్కొన్నవాడు వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్. 1942లో నాజీలు ఆయనను కుటుంబంతో సహా నిర్బంధించారు. 1944లో ఆష్విట్జ్‌కు పంపారు. కోటు లోపల కుట్టి దాచుకొన్న తన గ్రంథం వ్రాతప్రతి అక్కడ పోయింది. తండ్రి, తల్లి, సోదరుడు, భార్య శిబిరాలలో మరణించారు. 1945లో విడుదలైన ఆయన మరుసటి ఏడు తన అనుభవాలను పుస్తకంగా ప్రకటించాడు. అక్కడ అందరికీ ఒకే ఆకలి, ఒకే చలి. మాస్లో లెక్క ప్రకారం అందరూ మొదటి మెట్టు మీద పడిపోవలె. చాలమంది పడినారు కూడ. కాని తమ ఆఖరి రొట్టె ముక్కను ఇతరులకిచ్చినవారు కొద్దిమంది ఉన్నారు. పరిస్థితి మనిషిని ఎంత నొక్కినా, దానిపట్ల అతడు వహించే వైఖరిని పూర్తిగా లాగుకోలేదని చెప్పడానికి ఆ కొద్దిమంది చాలునని ఫ్రాంకెల్ భావించాడు. పడినవారిని ఆయన నిందించలేదు. దీనిని ఇతరులకు ఉపదేశించే అధికారం కడుపు నిండినవారికి లేదని మా అభిప్రాయం, ఫ్రాంకెల్‌కు ఉన్నది.

ఇన్ని వాదాలు చదివిన తరువాత మనకు కావలసినది ఒక మనిషి. ఆల్‌పోర్ట్ అట్టి మనిషిని ఒకరిని చూపించాడు. 'జెన్నీ' అన్నది మారుపేరు. ఐర్లండులో పుట్టి కెనడాలో పెరిగిన స్త్రీ. కడుపులో బిడ్డ ఉండగానే భర్త మరణించాడు. కష్టపడి కొడుకును పెంచి పెద్ద చదువు చెప్పించింది. కొడుకు పెద్దవాడై తన దారి తాను చూసుకొనగా, ఆమెకు అది ద్రోహంగా తోచింది. అతని జీవితంలోనికి వచ్చిన స్త్రీలందరూ శత్రువులైనారు. 58వ ఏట నుండి, అనగా 1926 మొదలు 1937లో వృద్ధాశ్రమంలో మరణించేవరకు, కొడుకు పాత స్నేహితునికీ అతని భార్యకూ ఆమె 301 ఉత్తరాలు వ్రాసింది. నడుమ 1929లో కొడుకు పోయినాడు. 1965లో ఆల్‌పోర్ట్ ఆ ఉత్తరాలను పుస్తకంగా వెలువరించి, వానిని ఒకటికి మించిన దృక్పథాలతో పరిశీలించాడు.

లక్షణాంశ దృష్టితో చదివిన 36 మంది ఆమెను వర్ణించడానికి 198 మాటలు వాడినారు. ఆల్‌పోర్ట్ వానిని ఎనిమిది గుంపులుగా చేర్చాడు: కలహశీలత, అనుమానం ఒక గుంపు, స్వార్థపరత, స్వతంత్రత, సౌందర్యాభిరుచి, ఇట్లా. కయ్యాలమారి అయిన ఆమెలోనే పువ్వునూ సముద్రాన్నీ చూసి పరవశించే కన్ను ఉన్నదని ఆ జాబితా చెబుతుంది. అది చిన్న విషయం కాదు. కాని కలహశీలత ఎందుకు, సౌందర్యదృష్టి ఆ పక్కనే ఎట్లా నివసిస్తున్నది అన్నవానికి జాబితాలో జవాబు లేదు. అస్తిత్వవాద దృష్టితో చదివితే ఎనిమిది గుంపులు పక్కకు పోయి ఆమె మాటలే ముందుకు వస్తవి: ఒంటరితనం, డబ్బు, చావు, తాను త్యాగం చేశానన్న ఒకే ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని వదలుకొంటే ఆమెకు మిగిలేది ఏమీ లేదు. కనుక ఆమె దానినే మళ్ళీ మళ్ళీ ఎంచుకొన్నది. రోజర్స్ దృష్టితో చూస్తే కొడుకుకు పెట్టిన షరతులు కనబడతవని మా ఊహ. అయితే పదకొండేండ్లపాటు ఆ ఉత్తరాలను విసుగులేక చదివి జవాబు వ్రాసిన ఆ దంపతుల ఆదరంలో షరతు లేదు. ఆమె వ్రాయడం మానకపోవడానికి అదే కారణం కావచ్చును.

ఈ మూడు దృక్పథాలవారు పరస్పర విరోధులని అనుకొనరాదు. 1961లో మే సంపాదకత్వంలో వెలువడిన చిన్న పుస్తకంలో మాస్లో, రోజర్స్, ఆల్‌పోర్ట్ మువ్వురి వ్యాసాలూ ఒకే అట్టల మధ్య ఉన్నవి. ఫ్రాంకెల్ శిబిరానుభవాలకు 1959లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట వ్రాసినవాడు నిఘంటువులో 17,953 మాటలు లెక్కించిన ఆల్‌పోర్టే.

మా విద్యార్థి మూడవ సంవత్సరం ముగించి టి.సి.కి వచ్చినాడు. 'నడవడి' గడిలో మేము ఆనాడు కూడ 'సంతృప్తికరం' అనే వ్రాసినాము. రెండంగుళాలలో మరొక మాట పట్టదు. కాగితం అతనికిస్తూ, తరువాత ఏమి చదవదలచినావని ఈసారి ఉర్దూలో అడిగినాము. వెనుక బారులో ఉన్నవారు విసుగుకొనేవరకు అతడు చెబుతూనే ఉన్నాడు.